విసుగొస్తే ముందు నిన్నటి రాత్రిని అడగండి

నార్సింగిలో ఫ్లాటు కొనుక్కున్నారు. ఇరవై రెండో అంతస్తు. బాల్కనీలో నిలబడితే అవుటర్ రింగ్ రోడ్డు మీద బారులు తీరిన లైట్లు కనిపిస్తాయి. ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, మ్యాపులో చూస్తే పక్కనే. జీతం బాగానే వస్తోంది, ఈఎంఐ తప్పడం లేదు, పిల్లలు మంచి స్కూల్లోనే ఉన్నారు. ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసి "ఎట్లున్నవ్ బిడ్డా?" అంటే "మంచిగనే ఉన్ననమ్మా" అంటారు. అందులో అబద్ధం ఏమీ లేదు. మరి ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకే, చార్జర్ కనపడలేదని ఇంట్లో అందరి మీదా అరిచింది ఎవరు?

విసుగు వచ్చినప్పుడు మనం వెతుక్కునే కారణాలు చాలా పెద్దవి. మేనేజర్ ఎదగనివ్వడు. కంపెనీ మారాలి. ఆన్‌సైట్ చేజారిపోయింది. కట్టుకున్న మనిషికి మనం అర్థం కాము. వీటిలో ఒకటో రెండో నిజమే అయి ఉండొచ్చు, నేను కాదనను. అయితే రాజీనామా మెయిల్ టైపు చేసే ముందు, ఇంట్లో పాత గొడవ మళ్లీ పైకి తీసే ముందు, నాలుగు చిన్న ప్రశ్నలు వేసుకోండి. నిన్న రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాను? మధ్యాహ్నం ఏం తిన్నాను, దేన్ని చూస్తూ తిన్నాను? ఇవాళ కాళ్లు కదిలాయా, ఒంటికి కాస్త ఎండ తగిలిందా? పనికి సంబంధం లేని మాట ఒక్క మనిషితోనైనా మాట్లాడానా?

నాలుగింటికీ జవాబు సరిగ్గా లేని రోజున ఎవరి గురించీ ఏ నిర్ణయానికీ రాకండి. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క మాట గురించే.

"నా బాధకీ నిద్రకీ ఏం సంబంధం?" అంటారా? ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు 2004లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. టెక్సాస్‌లో ఉద్యోగాలు చేసుకునే 909 మంది మహిళలతో నిన్నటి రోజును ఘట్టాలుగా విడగొట్టించి, ఒక్కో ఘట్టంలో మనసు ఎలా ఉందో రాయించారు. పొద్దున ఆఫీసుకు వెళ్లే ప్రయాణం జాబితాలో అట్టడుగున నిలిచింది. నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఇంకో విషయం. రోజు హాయిగా గడవడానికీ ఇంటి ఆదాయానికీ పెద్దగా పొంతన కుదరలేదు. రాత్రి సరిగా నిద్రపోని వాళ్లకు మాత్రం అదే పని, అదే భోజనం, అదే కబుర్లు చాలా చప్పగా అనిపించాయి.

టెక్సాస్ దాకా ఎందుకు, గచ్చిబౌలికే రండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు ఇక్కడి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి, 2025లో ఫలితాలు ప్రచురించారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. 71 శాతం మందికి స్థూలకాయం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2023లో ప్రచురించిన మరో అధ్యయనంలో, వారానికి 150 నిమిషాల వ్యాయామం అనే కనీస లెక్కను అందుకున్న ఐటీ ఉద్యోగులు 22 శాతం మందే. కొవ్వు పట్టిన కాలేయం చాలా ఏళ్ల పాటు నొప్పి పెట్టదు. కానీ దాన్ని ఆ స్థితికి తెచ్చిన అలవాట్లు, అంటే కదలకుండా కూర్చోవడం, అర్ధరాత్రి తిండి, తెగిన నిద్ర, ఇవి మాత్రం మనసుకు ఆ రోజుకారోజే తెలిసిపోతాయి. దానికి మనం పెట్టుకున్న పేరు 'మూడ్ బాలేదు'.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. "ఈ రిలీజ్ అయిపోనీ, కాస్త మనసు కుదుటపడనీ, అప్పుడు నడక మొదలుపెడతా" అంటారు. మనసు కుదుటపడటానికే కదా నడక! ఉత్సాహం వచ్చాక పని మొదలుపెట్టాలనుకునే వాళ్లు వచ్చే అప్రైజల్ దాకా అలా ఎదురుచూస్తూనే ఉంటారు. ఉత్సాహం లేకుండానే మొదలుపెట్టండి. అది వెనకాల వస్తుంది.

1. లేచే టైమును పట్టుకోండి

"రేపటి నుంచి పదింటికే పడుకుంటా" అనే ప్రతిజ్ఞ ఈ ఐటీ కారిడార్‌లో నిలబడదు. అమెరికా వాళ్లకు పొద్దు పొడిచే వేళకు మనకు పొద్దు గుంకుతుంది, కాల్ ఎప్పుడు ముగుస్తుందో మీ చేతిలో లేదు. లేచే టైము మాత్రం చాలావరకు మీ చేతిలోనే ఉంది. ఏడు అనుకుంటే వారమంతా ఏడే, ఆదివారం మహా అయితే ఎనిమిది. లేచిన అరగంటలో బాల్కనీలోకో కిందికో వెళ్లి పది నిమిషాలు వెలుతురులో నిలబడండి. ఒంట్లోని గడియారం పొద్దుటి వెలుతురును బట్టే సర్దుకుంటుంది. పది రోజులకు రాత్రి నిద్ర దానంతటదే ముందుకు జరగడం మొదలవుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఒక టెస్టింగ్ లీడ్ ఉందనుకోండి. సాయంత్రం ఆరున్నరకు ఇంటికొస్తుంది. వంట, పాప హోంవర్క్, తొమ్మిదిన్నరకు క్లయింట్ కాల్. అది పదకొండుకు అయిపోతుంది. అప్పుడు పడుకోవాలి. కానీ ఫోన్ తీసుకుని రీల్స్ చూస్తూ ఒంటిగంటన్నర చేస్తుంది. "నీకు బుద్ధి లేదా, పడుకో" అంటాడు భర్త. బుద్ధి లేక కాదు. రోజు మొత్తంలో ఆమెను ఎవరూ ఏదీ అడగని సమయం అదొక్కటే. దాన్ని లాగేసుకుంటే ఆ అలవాటు మారదు, రెండు రోజులకు తిరిగొస్తుంది. అందుకని ఆ సొంత సమయాన్నే ముందుకు జరపాలి. ఆరున్నర నుంచి ఏడు దాకా అమ్మ దొరకదు, అంతే. హోంవర్క్ నాన్న చూస్తాడు. ఆ అరగంటలో ఆమె రీల్స్ చూసినా సరే, కింద కూర్చుని కబుర్లాడినా సరే, ఎవరూ లెక్క అడగకూడదు. రాత్రి ఫోన్ పక్కన పడేయడం అప్పటినుంచి సులువవుతుంది. మీ ఇంట్లో ఈ కథ మగవాడిదైతే పాత్రలు మార్చి చదువుకోండి.

కాఫీ సంగతి. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలోని కెఫీన్‌లో దాదాపు సగం రాత్రి పదకొండుకి కూడా ఒంట్లోనే ఉంటుంది. "నాకు కాఫీ తాగినా నిద్ర పడుతుంది" అనే వాళ్లకు పడుతుంది, నిజమే, లోతుగా పట్టదు. మధ్యాహ్నం రెండు తర్వాత కాఫీ మానేసి వారం చూడండి. ఇరానీ చాయ్‌కి కూడా ఇదే వర్తిస్తుంది, చెప్పడానికి నాకూ బాధగానే ఉంది.

పూర్తి రాత్రి షిఫ్టు వాళ్లకు ఈ లెక్కలు అతకవు. మీకు రెండే మాటలు: ఇంటికొచ్చి పడుకునే గదిలోకి చుక్క వెలుతురు రాకుండా మందపాటి కర్టెన్లు వేయించండి, సెలవు రోజుల్లో పూర్తిగా పగటి మనిషిగా మారిపోకండి.

2. ప్రయాణాన్ని రోజులో ఒక భాగంగా లెక్కపెట్టండి

నార్సింగి నుంచి ఆఫీసుకు ఎంత దూరం అంటే కిలోమీటర్లలో చెబుతాం. ఒంటికి తెలిసేది నిమిషాలే. మెట్రో రాయదుర్గం దగ్గరే ఆగిపోతుంది, ఇక్కడిదాకా రాదు. కాబట్టి సర్వీస్ రోడ్డు మీద హారన్ల మధ్యనే మన పొద్దు మొదలవుతుంది. కానెమన్ జాబితాలో అట్టడుగున ఉన్నది ఈ ఘట్టమే, గుర్తుందిగా? దాన్ని ఎలాగోలా భరించేద్దాం అనుకోవడం కన్నా, ఏం మార్చగలమో చూడటం మేలు.

ఒక వారం పాటు వేర్వేరు టైముల్లో బయల్దేరి ఎంత పట్టిందో ఫోన్లో రాసుకోండి. ఎనిమిదింటికి, ఎనిమిదింబావుకి, పదింటికి. నలభై నిమిషాలు ముందు వెళ్లి ఆఫీసు కింద నడవడం, ఆ నలభై నిమిషాలు క్లచ్ తొక్కడం కన్నా ఎన్నో రెట్లు నయం. ఆఫీసుకు తప్పనిసరిగా రావాల్సిన రోజులు మూడే అయితే, ఏ మూడు అన్నది రద్దీని బట్టి ఎంచుకోండి. క్యాబ్‌లో స్టాండప్ కాల్ ఎత్తకండి. ట్రాఫిక్, కాల్ రెండూ కలిస్తే ఆఫీసు చేరేసరికే సగం రోజు పని చేసినంత అలసట.

మన ఊళ్లో ఒక సౌకర్యం ఉంది, చాలామంది దాని పక్కనుంచి రోజూ కారులో వెళ్తూ అద్దంలోంచి చూస్తారు. అవుటర్ పక్కన సోలార్ పైకప్పు వేసిన సైకిల్ ట్రాక్. 2023 అక్టోబర్ 1న ప్రారంభమైంది. మొత్తం 23 కిలోమీటర్లు: నార్సింగి నుంచి కొల్లూరు వైపు పద్నాలుగున్నర, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఎనిమిదిన్నర. నెత్తిన పలకలు 16 మెగావాట్ల కరెంటు కోసం వేసినవి, కింద తొక్కేవాళ్లకు నీడ అదనంగా దొరుకుతోంది. ఎండాకాలంలోనూ పొద్దెక్కాక తొక్కొచ్చు. నిజం చెప్పాలంటే ఇంటి గేటు నుంచి ట్రాక్ దాకా వెళ్లడమే గండం, ఆ అర కిలోమీటరులో మీకు దారి ఇచ్చే బండి ఉండదు. అందుకే మొదటి రోజే ఆఫీసుకు సైకిల్ మీద వెళ్లాలని పట్టు పట్టకండి. ఆదివారం పొద్దున పిల్లలతో మొదలుపెట్టండి. సైకిల్ కొనాల్సిన పని కూడా లేదు, నెల రోజులు ఎవరిదైనా అడిగి తీసుకోండి. బాల్కనీలో బట్టలారేసుకునే సైకిళ్లు నార్సింగిలో ఇప్పటికే చాలా ఉన్నాయి.

3. పళ్లెంలో సగం కూరలు, ఎదురుగా ఒక మనిషి

రాత్రి పన్నెండుకు కాల్ ముగిసింది. ఆకలి. ఫోన్లో నాలుగు నొక్కులు నొక్కితే అరగంటలో బిర్యానీ. తిన్న అరగంట బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత? కడుపు బరువు, గుండెలో మంట, రెండింటిదాకా నిద్ర లేదు, పొద్దున ఆకలి లేదు, పదకొండుకు మెషీన్ కాఫీతో బిస్కెట్లు, మధ్యాహ్నం ఫుడ్ కోర్టులో మళ్లీ ఫ్రైడ్ రైస్. సాయంత్రానికి ఎవరు పలకరించినా చిరాకు. ఆ చిరాకు మొదలైంది సాయంత్రం కాదు, నిన్న అర్ధరాత్రి.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార సూచనల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు అంటుంది. తూకం వేసుకుంటూ కూర్చోనక్కర్లేదు. పళ్లెంలో సగం జాగా కూరకూ ఆకుకూరకూ పండుకూ వదిలిపెట్టండి, మిగతా సగంలో అన్నం లేదా రొట్టె, పప్పు లేదా గుడ్డు, పెరుగు సర్దండి. మనం చేసేది దీనికి తలకిందులు. అన్నం కొండలా పెట్టుకుని కూరను దాని మీద బొట్టులా అద్దుతాం. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని కూడా ఆ సూచనల్లో ఉంది. అన్నం తిన్న వెంటనే టీ పడితే తిన్న ఆకుకూరలోని ఐరన్ ఒంటికి సరిగా అందదు.

వండే ఓపిక ఎక్కడిది అంటారా? వండకండి. మీ వీధి చివర కర్రీ పాయింట్ ఉంది కదా! ఇంట్లో కుక్కర్లో అన్నం పెట్టి, అక్కడి నుంచి తోటకూర పప్పు, దొండకాయో బీరకాయో ఒక కూర తెచ్చుకోండి. నూనెలో తేలేదాన్ని వదిలేయండి. అర్ధరాత్రి బిర్యానీతో పోలిస్తే డబ్బు కూడా మిగులుతుంది. కాల్ పన్నెండు దాకా ఉంటుందని ముందే తెలిసిన రోజున ఎనిమిదింటికే అన్నం తినేసి, పన్నెండుకి ఆకలైతే మజ్జిగో అరటిపండో పెట్టుకోండి. బిర్యానీ మానమని నేననను, హైదరాబాద్‌లో ఉండి ఆ మాట అనే ధైర్యం నాకు లేదు. ఆదివారం మధ్యాహ్నం, నలుగురూ కలిసి, ఒక పెద్ద హండీ. అంతే.

సోమవారం నుంచి కఠిన డైటింగ్ మొదలుపెట్టే వాళ్లు గురువారానికి మానేస్తారు. జొన్నరొట్టె మంచిదని ఆరు రొట్టెలు తినే వాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ ఒకటే సలహా: ఈ నెల ఒక్క పూట భోజనాన్ని సరిచేయండి, మిగతా రెండు పూటలు ఎలా ఉన్నాయో అలాగే ఉండనివ్వండి.

ఎదురుగా మనిషి అన్నానుగా. 2025 ప్రపంచ సంతోష నివేదికలో ఒక అధ్యాయం మొత్తం కలిసి భోంచేయడం గురించే. ఎక్కువ పూటలు నలుగురితో తినే వాళ్లు తమ జీవితం మీద ఎక్కువ తృప్తి కనబరిచారు. డెస్కు మీద డబ్బా తెరిచి మీటింగ్ రికార్డింగ్ చూస్తూ తినే అలవాటుంటే, వారానికి మూడు రోజులు దాన్ని క్యాంటీన్‌కి మార్చండి. టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒంటరిగా తింటున్నాడేమో చూసి పిలవండి. మీ చల్ల మిరపకాయలు అతనికి, అతని గోంగూర పచ్చడి మీకు.

4. తిన్నాక పది నిమిషాలు

దీని గురించి ఎక్కువ చెప్పను. మధ్యాహ్నం భోజనం కాగానే ఆఫీసు భవనం చుట్టూ పది నిమిషాలు నడవండి. తిన్న తర్వాత రక్తంలో షుగర్ పెరిగే వేగం తగ్గుతుంది, మూడింటికి వచ్చే కునుకూ తగ్గుతుంది. రెండు పూటలా చేస్తే ఐదు పనిదినాల్లో వంద నిమిషాలు మీ ఖాతాలో పడతాయి, ఆదివారం గండిపేట గట్టునో మంచిరేవుల ట్రెక్ పార్కులోనో ఒక గంట తిరిగితే 150 దాటిపోయినట్టే. జనవరిలో జిమ్‌కి ఏడాది డబ్బు ఒకేసారి కట్టేయకండి. నెలకు నెల కట్టండి, ధర ఎక్కువైనా సరే. మూడో నెల కూడా వెళ్తున్నారంటే అప్పుడు ఆలోచించవచ్చు.

5. వెయ్యి ఫ్లాట్లలో ముగ్గురు

మీ గేటెడ్ కమ్యూనిటీలో వెయ్యి ఫ్లాట్లు ఉన్నాయి. అర్ధరాత్రి జ్వరం వస్తే తలుపు కొట్టగలిగే ఇళ్లు ఎన్ని? హార్వర్డ్ వాళ్లు 1938లో మొదలుపెట్టి ఇప్పటికీ కొనసాగిస్తున్న అధ్యయనంలో, యాభై ఏళ్ల వయసులో తమ వాళ్లతో అనుబంధాలు తృప్తిగా ఉన్నవాళ్లే ఎనభైలో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారు. మనకు వెయ్యి ఇళ్లూ అక్కర్లేదు, ముగ్గురు చాలు.

ముగ్గురిని సంపాదించడం ఎలా? వాట్సాప్ గ్రూపులో కాదు, అక్కడ దొరికేది పార్కింగ్ తగాదా. రోజూ ఒకే టైముకి, ఒకే చోటికి వెళ్లండి. అదే బెంచీ, అదే నడక దారి, అదే కూరగాయల బండి. రెండు వారాలకు తలూపుతారు, నాలుగో వారానికి పేరు అడుగుతారు. బతుకమ్మ రోజుల్లో పైనుంచి ఫొటో తీయకుండా కిందికి దిగండి. ఊరి నుంచి వచ్చి మీ దగ్గరే ఉంటున్న నాన్నను సాయంత్రం ఆరింటికి మీతో నడకకు రమ్మనండి. "నాకెందుకురా" అంటాడు. రెండోసారి అడగండి. ఇరవై రెండో అంతస్తులో పగలంతా టీవీ ముందు కూర్చునే ఆయన విసుగు మీ విసుగు కన్నా పెద్దది.

6. శని, ఆదివారాల మీద అన్ని ఆశలూ పెట్టుకోకండి

ఐదు రోజులు ఒంటిని ఎండగట్టి శుక్రవారం రాత్రి సంతోషాన్ని కొనుక్కోవాలనుకోవడం, వారం దాహానికి ఒకేసారి బిందెడు నీళ్లు తాగడం లాంటిది. మందు తాగితే నిద్ర తొందరగా పడుతుంది, రాత్రి రెండో సగంలో చెడిపోతుంది. శనివారం మధ్యాహ్నం పన్నెండుకు లేస్తే ఆదివారం రాత్రి నిద్ర పట్టదు. సోమవారం పొద్దున మీరు పడే బాధలో ఎంత ఆఫీసుది, ఎంత ఈ వారాంతపు లెక్కది? ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండానే ఉద్యోగాలు మారిన వాళ్లున్నారు.

7. ఒకేసారి ఒక్కటి

పైన చెప్పినవన్నీ రేపే మొదలుపెడితే ఎల్లుండి మానేస్తారు. ఒకటి తీసుకోండి. నన్నడిగితే లేచే టైమే ముందు, ఎందుకంటే మిగతావన్నీ దాని మీద ఆధారపడ్డాయి. వంటింట్లో క్యాలెండర్ మీద ఆ రోజు చేశారో లేదో ఒక గీత, పక్కన ఆ రోజు మనసెలా ఉందో పదికి ఒక మార్కు. వాచీ ఇచ్చే నిద్ర స్కోరు చూసి దిగులు పెంచుకోవద్దు, ఆ అంకె బాలేదని బెంగపడి నిద్ర పోగొట్టుకున్నవాళ్లకు కొదవలేదు. ఒకరోజు తప్పితే తప్పింది. వరసగా రెండు రోజులు తప్పకుండా చూసుకుంటే చాలు.

మూడు వారాలు ఇలా నడిచాక క్యాలెండర్ ముందు నిలబడి చూడండి. మార్కులు పెరిగి, మేనేజర్ కాస్త మంచివాడిగా కనిపిస్తుంటే గొడవే లేదు. బాగా నిద్రపోయి, సరిగ్గా తిని, నలుగురితో మాట్లాడుతూ ఉన్నా కూడా మేనేజర్ అలాగే కనిపిస్తే ఆయన నిజంగానే అలాంటివాడు. అప్పుడు నిశ్చింతగా రాజీనామా రాయండి. రోజుకు పద్నాలుగు గంటలు పని చేయించే చోట, నడకతో అన్నీ సర్దుకుంటాయని చెప్పడం మోసమే అవుతుంది.

ఇంకో మాట. రెండు వారాలు దాటినా ఏ పనిలోనూ రుచి లేకపోతే, కారణం లేకుండా ఏడుపొస్తుంటే, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసి మళ్లీ నిద్ర పట్టకపోతే, దాన్ని అలవాట్ల ఖాతాలో వేయకండి. ముందు డాక్టర్ దగ్గరికెళ్లి థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ చూడాలా అని అడగండి. థైరాయిడ్ తేడా చేసినా, బి12, హిమోగ్లోబిన్ తగ్గినా మనిషి నీరసపడి దిగులుగా ఉండొచ్చు, మందులతో సరిదిద్దుకోవచ్చు. అవన్నీ బాగున్నా దిగులు తగ్గకపోతే అది డిప్రెషన్ కావచ్చు. దానికీ వైద్యం ఉంది. ఆస్పత్రికి వెళ్లడానికి మొహమాటంగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ అది, డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మూడు వారాల క్యాలెండర్ కోసం ఆగకండి. ఆ రాత్రే చేయండి, ఇంట్లో ఒకరిని నిద్ర లేపి చెప్పండి.